హనుమాయమ్మ గారి పస్తు

బాన్సువాడ బస్టాండులో దిగి హనుమాయమ్మ గారి ఇల్లెక్కడ అని అడగనక్కర్లేదు. ఆకలేస్తోందంటే చాలు, ఎవరో ఒకరు కాలవ గట్టు వైపు చెయ్యి చూపించేవారు. నిజాంసాగర్ కాలవ కింద పొలాలు చేసుకోవడానికి కోస్తా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఇళ్ళని అక్కడ క్యాంపు అంటారు. ఆ క్యాంపులో మొదటి పెంకుటిల్లు ఆవిడది. ఎరువుల బస్తాలు దింపడానికి వచ్చిన లారీ డ్రైవరు, పిట్లం నుంచి వచ్చే గాజులావిడ, దారి తప్పిన పెళ్ళివారు, ఎవరైనా సరే, ఆ గడప ముందు నిలబడితే ముందు కాళ్ళు కడుక్కోమని చెంబు వచ్చేది, ఆ వెనకే విస్తరి వచ్చేది. వచ్చిన పనేమిటని అడగడం చెయ్యి కడుక్కున్నాకే.

"చాలమ్మా" అనే మాట ఆవిడకి వినపడదు. చెవుడేమీ లేదు. మొగుడు పెరట్లో నిలబడి గొణిగేది వంటింట్లోకి స్పష్టంగా వినిపిస్తుంది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే మాత్రం ఆ వేళ్ళ సందుల్లోంచే పప్పు పోసేస్తుంది. ఆవిడ భర్త హరనాథబాబు మెత్తటి మనిషి, నోరు మాత్రం ఊరికే ఉండదు. మా ఇంట్లో ధాన్యం వెళ్ళేది గాదెలోకి కాదు, ఊళ్ళోవాళ్ళ పొట్టల్లోకి అని వచ్చినవాళ్ళకల్లా చెప్పి, తనూ ఇంకో ముద్ద అడిగేవాడు.

ఇంతమందికి పెట్టే ఆవిడ ఇంకొకరి ఇంట్లో మెతుకు ముట్టదు. దానికో కథ ఉంది. అరవై తొమ్మిదిలో తెనాలి దగ్గర ఉన్న కాస్త నేలా అమ్ముకుని మొగుడూ పెళ్ళాలు ఇటు వచ్చేశారు. ఇక్కడి పొలం చేతికొచ్చేదాకా, ముందే వచ్చి స్థిరపడ్డ బంధువుల ఇంట్లో తలదాచుకున్నారు. ఒకరోజు భోజనాల దగ్గర ఆ ఇంటి పెద్దావిడ, చిక్కిపోయావనుకున్నాను గాని నీకు ఆకలి బాగానే ఉందే అమ్మాయ్ అంది. నవ్వుతూనే అంది. హనుమాయమ్మ కూడా నవ్వి లేచి చెయ్యి కడుక్కుంది. అంతే, మళ్ళీ ఎవరి గడపలోనూ చెయ్యి తడుపుకోలేదు. పెళ్ళికి వెళ్తే కొంగు బిగించి బంతులకి బంతులు వడ్డించి, ఇంటికొచ్చి ఆవకాయ అన్నం కలుపుకునేది. ఎవరేది పెట్టబోయినా "ఇప్పుడే తిన్నానమ్మా" అనేది. ఆవిడ ఆడే అబద్ధం అదొక్కటే, కాకపోతే అలుపు లేకుండా ఆడేది. మాట పడ్డ మనసు అలాంటిది. అన్నవాళ్ళకి మర్నాటికే గుర్తుండదు, పడ్డవాళ్ళకి పదిహేనేళ్ళయినా పచ్చిగానే ఉంటుంది.

ఎనభై నాలుగులో, నాట్లు జోరుగా పడుతున్న రోజుల్లో, సోమ్లి ఒక కుక్కపిల్లని కొంగులో చుట్టుకుని వచ్చింది. సోమ్లి, ఆమె భర్త హర్యా పక్కనున్న తండా మనుషులు. హనుమాయమ్మ వాళ్ళు పొలం కొన్న దగ్గర్నుంచీ ఆ పొలంలోనే పని. వాళ్ళ మేకలకి కాపలా ఉండే కుక్క పిల్లల్ని పెట్టింది. పాలు మరిచిన కొత్తలో ఆ పిల్లలు ఒక్కొక్కటే వాంతులు చేసుకుని, నెత్తురు విరేచనాలతో చచ్చిపోయాయి. ఎర్రగా ఉండే ఒక్కటి మిగిలింది. దాన్ని లాల్యా అని పిలుచుకుంటున్నారు. ఇప్పుడు దానికీ అదే మొదలైంది.

సోమ్లి దాన్ని అరుగు మీద దించి, కళ్ళు తుడుచుకుని అంది. "అమ్మా, మా కాడ ఉంటె గిది గూడ సస్తది. నీ ఇంట్ల కాలు పెట్టినోళ్ళు ఎవ్వరు ఆకలికి సావలే. దీన్ని నువ్వే బతికియ్యాలె."

ఆ మాట హనుమాయమ్మ గుండెలో సూటిగా దిగింది. ఆవిడకి పిల్లల్లేరు, బిరుదుల్లేవు. ఉన్నదల్లా ఆ పేరొక్కటే. ఇప్పుడా పేరు, చెవులు వేలాడేసుకుని అరుగు మీద వణుకుతోంది.

హరనాథబాబు సైకిలుకి బుట్ట కట్టి దాన్ని బాన్సువాడ పశువుల దవాఖానకి తీసుకెళ్ళాడు. వెనకాల క్యారేజీ మీద హనుమాయమ్మ. డాక్టరు వెంకట్రాములు ఆవిడ చేతి గోంగూర ఎన్నోసార్లు తిన్నవాడే. గేదెలకి ఎక్కించే సెలైనునే జాగ్రత్తగా పిల్ల చర్మం కింద ఎక్కించాడు. దీన్ని పార్వో అంటారు, కుక్కలకి ఈమధ్యనే పుట్టుకొచ్చిన రోగం, పేగు లోపలి పొరంతా పుండవుతుంది అని చెప్పాడు. సెలైను కోసం రోజూ తేవాలి. మిగతా సేవంతా ఇంట్లోనే. ఉన్న చోటల్లా బ్లీచింగు పౌడరుతో కడగాలి. ఇంకో కుక్కని దగ్గరికి రానివ్వకూడదు. వాంతులు ఆగేదాకా నోట్లో ఏమీ పెట్టకూడదు. ఆగాక గంజి తేటలో ఉప్పు, చిటికెడు పంచదార వేసి చెంచాతో పట్టాలి. తను చెప్పేదాకా పాలు, నెయ్యి, గుడ్డు, మాంసం ఏవీ వద్దు.

ఆవిడ మొహం చూసి, డాక్టరు చేతిలో పని ఆపి మరీ చెప్పాడు. "అమ్మా, ఇన్నేండ్లు మీరు పెట్టి బతికిచ్చిండ్రు. దీన్ని పెట్టకుండ బతికియ్యాలె."

చేపకి ఒడ్డున ఉండమని చెప్పినట్టయింది ఆవిడకి. అయినా కడగడం, తుడవడం వరకు ఎవరూ వంక పెట్టలేనట్టు చేసింది. వసారాలో ఒక మూల గోనెపట్టా వేసి, అది తడిసినప్పుడల్లా తీసేసి తగలబెట్టి, కొత్తది పరిచింది. నేలంతా కడిగి కడిగి చేతులు పొక్కిపోయాయి. సెలైను పడ్డాక పిల్ల కాస్త తేరుకుని, వాంతి ఆగి, తల ఎత్తి ఆవిడ వైపు చూసింది. ఆ చూపుకి డాక్టరు మాట కొట్టుకుపోయింది.

ఆవిడ మనసులో అప్పుడు జరిగిన వాదన ఇది. డాక్టరు పాలు వద్దన్నాడు, నెయ్యి వద్దన్నాడు, పెరుగు పేరు ఎత్తలేదు. పెరుగన్నం చలవ. జ్వరం వచ్చి లేచినవాడికైనా పథ్యం పెరుగన్నమే. కాబట్టి పెరుగన్నం తిండి కిందికి రాదు, మందు కిందికి వస్తుంది. మన కోస్తావాళ్ళు పెరుగు విషయంలో ఏ వైద్యుడి మాటా వినరు, ఆవిడ మాత్రం ఎందుకు వింటుంది? మెత్తగా పిసికి వేలితో నాకించింది. అది ఆత్రంగా నాకింది. ఆవిడ ప్రాణం లేచొచ్చింది.

పొద్దు వాలకముందే మళ్ళీ వాంతులు. వాటి వెంట నెత్తురు. పిల్ల కాళ్ళు చాపేసి, కళ్ళు సగం మూసి పడిపోయింది. మళ్ళీ సైకిలు, మళ్ళీ బుట్ట. ఏం పెట్టారని డాక్టరు అడిగితే దాచకుండా చెప్పేసింది. ఆయన ఆవిడని కేకలెయ్యలేదు. కేకలేసి ఉంటే ఆవిడకి తేలికగా ఉండేది. పుండు మీద కారం చల్లినట్టే అమ్మా అని మాత్రం అని, సూది వెతుక్కున్నాడు. ఆ రోజు హనుమాయమ్మ ఏడ్చింది. జీవితంలో మొదటిసారి తను పెట్టిన ముద్ద ఒక ప్రాణానికి ముప్పయింది. ఆవిడకి అంతకంటే పెద్ద దెబ్బ లేదు.

ఇంటికొచ్చాక పెట్టే ఆ చెయ్యిని కట్టేసుకోవడానికి ఆవిడకి ఒక్కటే ఉపాయం తోచింది. పిల్ల తిననంతవరకు తనూ తినదు. పిల్లకి గంజి తేట అయితే తనకీ గంజి తేటే. కడుపు నిండినవాళ్ళకే పక్కవాళ్ళ ఆకలి మీద జాలి పొంగి చేతులు దురదపెడతాయని, తన కడుపే కాలుతుంటే చెయ్యి బుద్ధిగా ఉంటుందని ఆవిడ లెక్క. పైగా తిరగమోత ఘుమఘుమకి పిల్ల తల ఎత్తి మూలుగుతోంది కనక ఇంట్లో పోపు బంద్. పొయ్యి మీద ఎసరు కాగడం తప్ప ఇంకేమీ లేదు.

దీంతో అన్యాయమైపోయింది హరనాథబాబు. నాకు పార్వో రాలేదు కదే అని ఒకసారి అన్నాడు. ఆవిడ చూసిన చూపుకి రెండోసారి అనలేదు. డాక్టరుతో పనుందని చెప్పి పొద్దున్నే బాన్సువాడ వెళ్ళి, మూతికి అంటిన చట్నీ తుడుచుకోవడం మరిచిపోయి తిరిగొచ్చేవాడు. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకునేది.

పొయ్యి సంగతి దాగేదా? హనుమాయమ్మ గారింట్లో పోపు వాసన రావట్లేదన్న కబురు క్యాంపంతా పాకి, కాలవ దాటి నస్రుల్లాబాద్ చేరింది. మొగుడూ పెళ్ళాలకి పడట్లేదన్నారు. పంట దెబ్బతిందన్నారు. కాదు, ఆవిడ సన్యాసం పుచ్చుకుంటోందని ఇంకొకరు. కుక్కపిల్ల కోసం పస్తుంటోందన్న నిజం మాత్రం చెప్పినా ఎవరూ నమ్మలేదు. అబద్ధానికున్న కాళ్ళు నిజానికి ఉండవు.

ఇక బయల్దేరాయి గిన్నెలు. ఇన్నేళ్ళూ ఆ ఇంటి ఉప్పు తిన్నవాళ్ళందరికీ బాకీ తీర్చుకునే అదను దొరికింది. ఒకరు పులుసు తెచ్చారు, ఒకరు గారెలు తెచ్చారు. పక్కింటి సీతారావమ్మ పులిహోర టిఫిను డబ్బాతో వచ్చి, మూత తీసి మరీ అరుగు మీద పెట్టింది. హనుమాయమ్మ అలవాటు కొద్దీ "ఇప్పుడే తిన్నానమ్మా" అంది. సీతారావమ్మ ఆవిడ లోతుకుపోయిన కళ్ళవైపు చూసి, సర్లే, కుక్కపిల్లకైనా పెడదామని ఒక ముద్ద తీసింది. హనుమాయమ్మ ఒక్క ఉదుటున లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఎవరు చెయ్యి చాపినా కాదనని ఆ మనిషి నోట "వద్దు" అన్న మాట అంత గట్టిగా రావడం క్యాంపు వినడం అదే మొదలు. సీతారావమ్మ ముద్ద డబ్బాలో వేసుకుని, మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది.

వెళ్ళిపోతే పోయింది. ఆ తరవాత హనుమాయమ్మ గుమ్మంలోనే నులకమంచం వాల్చుకుని కాపలా కూర్చుంది. గంజి తేట చెంచాడు పిల్లకి, చెంచాడు తనకి. వాంతులు ఆగాయి. సెలైను కూడా ఆగింది. నెత్తురు కనిపించడం మానేసింది. పిల్ల నిలబడబోయి పడింది, మళ్ళీ నిలబడి ఆవిడ పాదం మీద తల పెట్టుకుని పడుకుంది. ఆ బరువు ఎంతని! అయినా కాలు తిమ్మిరెక్కుతున్నా ఆవిడ కదపలేదు. ఆ సంతోషం ఎవరికైనా చెప్పుకోవాలనిపించి, పస్తు నీరసంతో ఎవరింటికీ వెళ్ళలేక, ఎదురుగా కట్టేసిన గేదెకి చెప్పింది.

సోమ్లి రోజూ నాట్ల నుంచి వచ్చి, బురద కాళ్ళతో అరుగెక్కకుండా దూరం నుంచే చూసి పోయేది. ఒక మధ్యాహ్నం బోరింగు దగ్గర కాళ్ళూ చేతులూ రుద్ది రుద్ది కడుక్కుని, బట్టలో కట్టిన జొన్నరొట్టెల మూట అరుగు మీద పెట్టి, నీళ్ళ చెంబు కోసం మళ్ళీ వెళ్ళింది. హనుమాయమ్మ మంచం మీద కునుకు తీస్తోంది. లాల్యా లేచింది. తూలుకుంటూ మూట దగ్గరికి వెళ్ళి, ముక్కుతో బట్ట తోసి, పైనున్న రొట్టెలోంచి ఒక పెద్ద ముక్క లాగి మింగేసింది.

చెంబుతో వచ్చిన సోమ్లి చూసి కేకేసింది. హనుమాయమ్మ మెలకువ వచ్చి, సంగతి తెలిసి, నెత్తి కొట్టుకుంది. ఇంతకాలం ఊరందరినీ ఆపింది, ఆ దొంగమొహాన్ని ఆపాలని మాత్రం తోచలేదు. హరనాథబాబు సైకిలేసుకుని డాక్టరు కోసం పరిగెత్తాడు. ఆడవాళ్ళిద్దరూ పిల్లకి చెరోవైపు కూర్చున్నారు. అది తేన్చినప్పుడల్లా ఇద్దరూ గోనెపట్టా అందుకునేవారు. అది మాత్రం హాయిగా వెల్లకిలా పడుకుని, పొట్ట ఎండకి పెట్టి నిద్రపోయింది.

డాక్టరు వచ్చేసరికీ నిద్రే. ఆయన పొట్ట నొక్కి చూశాడు, చిగుళ్ళు చూశాడు. నిద్ర చెడిన లాల్యా ఆయన చొక్కా కఫ్ఫు పట్టుకుని లాగింది. అందులో ఏమీ దొరకక, రొట్టెల మూట వైపు తిరిగి మొరిగింది. ఆ ఇంట్లో అది మొరగడం అదే మొదటిసారి. డాక్టరు నవ్వాడు. రేపటి నుంచి మెత్తటి అన్నం కొంచెం కొంచెంగా పెట్టొచ్చన్నాడు. కొంచెం అనే మాటని మాత్రం హనుమాయమ్మ మొహంలోకి చూసి ఒత్తి చెప్పాడు. ఆయన్ని సాగనంపడానికి హరనాథబాబు గేటు దాకా వెళ్ళాడు.

సోమ్లి మూట దగ్గరికి లాక్కుంది. పిల్ల ముట్టిన రొట్టె పక్కన పెట్టి, అడుగునున్న రొట్టె తీసి, రెండుగా విరిచి, సగం మీద ఎల్లిపాయ కారం రాసి హనుమాయమ్మ ముందుకు చాపింది.

"పిల్ల తిన్నదమ్మా. ఇగ నువ్వెప్పుడు తింటవు?"

హనుమాయమ్మ నోరు తెరిచింది. ఇప్పుడే తిన్నానంటే నమ్మడానికి ఎదురుగా ఉన్నది సోమ్లి. ఆవిడ తాగిన ప్రతి గంజి చెంచానూ దూరం నుంచి చూసిన మనిషి. పైగా ఆ చెయ్యి వెనక్కి పోవట్లేదు. చిక్కిపోయావనలేదు, ఆకలి బాగుందనలేదు, తింటుందా తినదా అని అనుమానం కూడా పడలేదు. నాట్ల బురద పూర్తిగా వదలని గోళ్ళతో అలా పట్టుకుని కూర్చుంది.

హనుమాయమ్మ చెయ్యి చాపింది. రొట్టె అందుకుని, తుంచి, నోట్లో పెట్టుకుంది. కారం నసాళానికి అంటింది. కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా కారాయి. కారం వల్ల కొన్ని, మిగతావి అన్నేళ్ళవి. గేటు దగ్గర్నుంచి తిరిగొచ్చిన హరనాథబాబు ఆ దృశ్యం చూసి, సోమ్లి తెచ్చిన నీళ్ళ చెంబు తీసి ఆవిడ పక్కన పెట్టాడు.

ఆవిడ చివరి ముక్క నమిలి మింగి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"సోమ్లీ," అంది, "ఇంకో ముక్క ఉందా?"