తలకిందుల మంట

నిన్న సాయంత్రం కరెంటు రాగానే నా కూతురు కొవ్వొత్తిని ఊదింది. ఆరిన వత్తి నుంచి లేచిన పొగవాసన నన్ను చేవెళ్లలోని మా బడి ప్రయోగశాలకు తీసుకుపోయింది.

ప్రయోగశాల అంటే పెంకుల కప్పు కింద ఒక పొడవాటి బల్ల, తుప్పుపట్టిన బీరువా, తడి సున్నం వాసన. బతుకమ్మకు చేసిన సత్తుపిండి ఇంకా డబ్బాల్లో మిగిలి ఉండగానే చలి మొదలయ్యే రోజుల్లో, పక్కూరు ఆలూరు నుంచి వచ్చే పిల్లలు మట్టి దులిపి తెచ్చిన క్యారెట్లు కొరుకుతూ ఆ బల్ల చుట్టూ చేరేవాళ్లం. మగపిల్లలు ముందు నిలబడి కొవ్వొత్తి వెలిగించి కటకం పట్టుకునేవారు. దస్తూరి బాగుంటుందని ఆడపిల్లలం వెనక వరుసలో నిలబడి, వాళ్లు చెప్పిన కొలతలు రాసేవాళ్లం. అది ఎవరూ పెట్టిన నియమం కాదు, అలవాటు. కిరాణా దుకాణంలో తూకం తప్పనివ్వని మా బాపు పోలికేమో, నాకు లెక్క తప్పేది కాదు. భౌతికశాస్త్రంలో మొదటి మార్కు ఎప్పుడూ నాదే.

పదో తరగతిలో, మొయినాబాద్‌లోని ఒక ఆడపిల్లల బడిలో ప్రయోగాల పోటీ పెట్టారు. గెలిస్తే ఇంటర్‌లో సైన్సు చదివిస్తానని, లేకుంటే ఆ మాట ఎత్తవద్దని బాపు ముందే చెప్పాడు. అక్కడ నాకు కొవ్వొత్తి, కటకం ఇచ్చారు. సూత్రం ప్రకారం లెక్కకట్టి, తెల్ల అట్టను ఉండవలసిన చోటే నిలిపాను. దానిమీద మంట తలకిందులుగా వేలాడింది. ఎక్కడో తప్పు చేశాననుకున్నాను. కటకాన్ని తిప్పిపెట్టాను, అయినా అంతే. మళ్లీ మళ్లీ తిప్పుతూనే ఉండగా గడువు ముగిసిన గంట మోగింది.

పక్క బల్ల దగ్గరున్న ఆ బడి పిల్ల కిసుక్కున నవ్వింది.

"ఏందక్కా, గట్ల జొన్నరొట్టె లెక్క తిప్పుతున్నవ్?"

"మంట బోర్ల పడ్డది."

"మరి పడదా? పుస్తకంల సదవలేదా?"

చదివాను. ఎన్నోసార్లు రాసి మార్కులు తెచ్చుకున్నాను. కళ్లతో చూడడం మాత్రం అదే మొదటిసారి. ఆ పిల్ల వేళ్లనిండా మైనం మరకలున్నాయి. వాళ్ల బడిలో కటకం పట్టుకోవడానికి మగపిల్లలు లేరు మరి.

"మంచిగ రాసే చేతికి గవన్నెందుకు బిడ్డా?" అన్నాడు బాపు. నన్ను కామర్సులో చేర్పించాడు.

ఆ పెంకుల గది ఇప్పుడు లేదు, బీరువా లేదు, జొన్నరొట్టె కాల్చే పొయ్యిలూ లేవు. నా కూతురిది మొయినాబాద్ దారిలో అద్దాల తలుపుల ల్యాబు ఉన్న ప్రైవేటు బడి. నిన్న కొవ్వొత్తి ఊదిన తరువాత, 'నిజ ప్రతిబింబం తలకిందులుగా ఉంటుంది' అని పాఠం వల్లిస్తూ కూర్చుంది.

"నువ్వు చూసినవా బిడ్డా?"

"పోరలు చూసిన్రమ్మా. నా హ్యాండ్‌రైటింగ్ మంచిగుంటదని రికార్డ్ నాకిచ్చిన్రు."

లేచి లైటు ఆపి, కొవ్వొత్తి మళ్లీ వెలిగించి, మా అత్తగారి భూతద్దం దాని చేతిలో పెట్టాను. కాసేపు ముందుకూ వెనక్కూ జరిపింది. గోడమీద మంట తలకిందులుగా వేలాడగానే కెవ్వుమని అరిచి, అద్దాన్ని తిప్పబోయింది.

ఆ చేతిని గట్టిగా పట్టుకుని ఆపాను.