రెండు రిపోర్టులు ఒకటైన ఏడాది

మొన్న వట్లూరు రోడ్డు మీద, కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ల పక్కన, ఎవరో ఒక పాత ఓడ కంటైనరుకు తలుపూ కిటికీ కోయించి టీ కొట్టు పెట్టారు. నీలం రంగు వెలిసిపోయి తుప్పు పట్టిన ఆ రేకు మీద మా పాత కంపెనీ పేరులోని అక్షరాలు కొన్ని ఇంకా చెరిగిపోలేదు. గ్లాసు చేతిలో పట్టుకుని వాటి వంకే చూస్తూ ఉండిపోయానేమో, కొట్టులో అమ్మాయి "ఏవండీ, చల్లారిపోతోందండీ" అంటే గానీ ఈ లోకంలోకి రాలేదు. ఇరవై ఏళ్ళ కిందట ఆగిపోయిన ఒక గొంతు, "ఏమ్మా, భోంచేసినావా?" అని నా చెవి పక్కనే అన్నట్టయింది.

ఏలూరులో విదేశీ ఓడల కంపెనీ ఆఫీసేమిటని ఇప్పటి పిల్లలు నవ్వుతారు గానీ, ఆ రోజులు ఎరిగిన మీకు చెప్పక్కర్లేదు. కొల్లేటి చుట్టూ చెరువుల్లో పెరిగిన రొయ్యలూ, తాడేపల్లిగూడెం మిల్లుల్లో ఆడిన బియ్యమూ సముద్రాలు దాటించడానికి కంటైనర్లు బుక్ చేసే చిన్న ఆఫీసు మాది. మెత్తని మాట తప్ప ఎరగని మేనేజరు గారితో కలిపి మేం ఆరుగురం. అందులో అకౌంట్సు చూసేదాన్ని నేను. నెల తిరగ్గానే చెన్నైలోని పెద్దాఫీసుకు రెండు రిపోర్టులు పంపాలి. ఒకటి ఖర్చులూ రాబడులూ పుస్తకాల్లో పడినట్టే చూపించే లెక్కల రిపోర్టు. రెండోది ఏ ఊరి వ్యాపారం ఎలా నడుస్తోందో పైవాళ్ళకు చెప్పే మేనేజ్‌మెంట్ రిపోర్టు. చిత్రమేమిటంటే, మొదటిదాంట్లో మా ఏలూరు ఆఫీసు నష్టంలో ఉండేది, రెండోదాంట్లో లాభంలో ఉండేది. ఆ రెండింటికీ పొంతన కుదిర్చే పని చెన్నైలో ఒకావిడది. నెల మొదట్లో ఆవిడ ఫోను చేస్తే, తేడా ఎక్కడుందో ఇద్దరం వెతుక్కునేవాళ్ళం.

ఆవిడ నాకంటే పదేళ్ళు పెద్ద, పెళ్ళి చేసుకోలేదు, తల్లితో ఉండేది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ అది తరాలుగా అరవదేశంలో నానిన తెలుగు. అక్కా అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు. లెక్క తేలేలోగా మా చర్చిలో పాటల ప్రాక్టీసు సంగతీ, వాళ్ళమ్మగారి మోకాళ్ళ నొప్పులూ, ఆ రోజు కూరా అన్నీ దొర్లిపోయేవి. ఏళ్ళ తరబడి ఒకరి ముఖం ఒకరం చూడకుండానే అంత దగ్గరయ్యాం.

అలా ఉండగా ప్రపంచంలోని అన్ని ఆఫీసులకూ ఇకనుంచి ఒక్కటే రిపోర్టు అని కంపెనీ నిర్ణయించింది. లెక్కలవాళ్ళూ వ్యాపారంవాళ్ళూ ఒకే అంకె చూడాలి. మాకు గుండెల్లో రాయి పడింది. మా నష్టానికి కారణం ఖాళీ కంటైనర్లు. చెన్నై రేవులో సరుకు దింపిన పెట్టెలను మా దాకా లారీల మీద తెచ్చే ఖర్చంతా లెక్కల రిపోర్టులో మా పద్దులోనే వేసేవారు, రెండోదాంట్లో అది వచ్చేది కాదు. ఆ నష్టం అంకే ఖాయమైతే ఏలూరు ఆఫీసు మూసేస్తారని మేనేజరు గారు ఎవరితోనూ అనలేదు గానీ, మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండానే ఇంటికి పట్టుకుపోయేవారు.

కొత్త పద్ధతి రాసే బృందంలో అక్క కూడా ఉంది. సరుకు ఎక్కడనుంచి వస్తుందో కళ్ళతో చూడకుండా రాయలేనని, ఆ డిసెంబరులో క్రిస్మస్‌కు కొద్దిరోజుల ముందు ఏలూరు వచ్చింది. స్టేషన్లో గొంతు విని గుర్తుపట్టాను. సన్నగా, పొట్టిగా, తలనిండా కనకాంబరాలతో ఉంది. మా ఇంట్లోనే దిగింది. మర్నాడు కొల్లేటికోట చూపిస్తానని తీసుకెళ్ళాను. ఒడ్డున నిలబడితే, గుర్రపుడెక్క మధ్యనుంచి ఒక పడవ, నడిపేవాడు తప్ప మరో మనిషన్నవాడు లేకుండా, మా కోసం వస్తోంది. అక్క దానివంక చాలాసేపు చూసి, నా మోచెయ్యి పట్టుకుంది.

"చూడు చెల్లీ, ఇది ఖాళీగా వచ్చేది మన కోసరమే అంటావా? ముందు అవతల దిగినోళ్ళు ఎక్కింది కూడా దీంట్లోనే కదా. ఖర్చు ఒక్కరి నెత్తిన ఎట్లా వేసేది?"

"అదే మాట పై వాళ్ళకి చెప్పండక్కా," అన్నాను.

"చెప్తా. జనవరి మీటింగులో చెప్తా ఉండా, చూడు."

పడవలో కూర్చున్నంతసేపూ నీళ్ళలో చెయ్యి ఆడిస్తూ, గూడకొంగలను చూసి చిన్నపిల్లలా మురిసిపోయింది. సముద్రం పక్కన పుట్టినా నీళ్ళంటే తనకు భయమని, ఈ నీళ్ళు మాత్రం బాగున్నాయని అంది. పండగ దాకా ఉండమని మా అమ్మ ఎంతో బతిమాలింది. వాళ్ళమ్మగారికి సముద్రపొడ్డున వేళాంకణ్ణి మాత గుడిలో మొక్కు ఉందని, క్రిస్మస్ అక్కడే చేసుకోవాలని చెప్పి రైలెక్కింది.

పండగ మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చేసరికి టీవీలో సునామీ. మొదట ఆ మాటేమిటో మాకు తెలియలేదు. వేళాంకణ్ణి పేరు వినబడగానే అక్క సెల్లుకు ఫోను చేశాను. ఎవరో అమ్మాయి రికార్డు చేసిన గొంతుతో అరవంలో ఏదో చెప్పింది. నాకు అరవం రాదు. అర్థం కాకపోయినా, అక్క పలుకుతుందేమోనని, ఆ రోజంతా ఆ గొంతునే మళ్ళీ మళ్ళీ విన్నాను. వాళ్ళమ్మగారు లాడ్జి మేడమీద పడుకుని ఉండి బతికిపోయారని, అక్క ఒక్కతే ఒడ్డుకు నడిచి వెళ్ళిందని తరువాత తెలిసింది. శవం దొరకలేదు.

జనవరి మీటింగుకు మేనేజరు గారు నన్నే వెళ్ళమన్నారు. "ఆవిడ మాట మీరే విన్నారు కదమ్మా, మీరే చెప్పాలండి," అన్నారు. చెన్నైలో ఆ పెద్ద గదిలో అక్క కుర్చీ ఖాళీగా ఉంచారు. నేను దాని పక్కనే కూర్చున్నాను. వచ్చీరాని ఇంగ్లీషులో కొల్లేటి పడవ సంగతి చెప్పాను. బొంబాయి నుంచి వచ్చిన అధికారి, పడవలూ ఓడలూ ఒకటి కావని తీసిపారేశాడు. అప్పుడేమయిందో తెలియదు, లేచి నిలబడ్డాను. ఖాళీ పెట్టెను మాకు పంపకపోతే చెన్నై రేవులో దాన్ని ఎంతకాలం ఉంచుతారని, ఆ అద్దె ఎవరి పద్దులో రాస్తారని అడిగాను. ఆ మాటలు నావి కావు, నాకు ముందుగా తట్టినవీ కావు. పక్క కుర్చీలోంచి ఎవరో అందిస్తుంటే అప్పజెప్పినట్టు అనిపించింది. ఖర్చును చెన్నై, ఏలూరు రెండు వైపులా పంచాలని సాయంత్రానికి తేల్చారు. మా ఆఫీసు నిలబడింది.

ఫిబ్రవరి మొదట్లో ఫోను మోగింది. ఎత్తగానే నా నోటివెంట "అక్కా" అన్న మాట వచ్చేసింది.  అవతల ఎవరో కుర్రాడు, "తేడా ఏమీ లేదు మేడమ్, అంతా కలిసింది, చెబుదామని చేశాను," అన్నాడు. ఆ పని మీద చెన్నై నుంచి నాకు వచ్చిన ఫోన్లలో అదే ఆఖరిది.

ఆ ఒక్క రిపోర్టు నమూనాను మొదట తయారుచేసింది అక్క కాబట్టి, కింద తయారుచేసినవారి పేరు దగ్గర ఆవిడ పేరే కంప్యూటరు అచ్చు వేసేది. శవం దొరకని మనిషి గనక పేరు తీసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నెలనెలా ఆ కాగితం మీద ఆ పేరు చూసినప్పుడల్లా, ఎక్కడో కూర్చుని ఇంకా పని చేస్తూనే ఉందనుకునేదాన్ని. సర్కారువాళ్ళు కొల్లేటిలో చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది ఒక నెలలో ఆ పేరు ఉండవలసిన చోట ఏమీ లేదు. ఆ రోజు ఆఫీసులో అందరి ముందూ ఏడ్చేశాను.  మేనేజరు గారు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బల్లమీద పెట్టి వెళ్ళిపోయారు. మరికొన్నాళ్ళకు సరుకు తగ్గి ఆఫీసే ఎత్తేశారు. నేను తాడేపల్లిగూడెంలో ఒక మిల్లులో చేరి, అక్కడే రిటైరయ్యాను.

ఇప్పుడు ఏ దేశపు లెక్కయినా ఎవరూ ముట్టుకోకుండానే దానంతటదే కలిసిపోతుందట. మంచిదే, మేం అంత పాటుపడింది దానికోసమే. కానీ ముఖాలు ఎరగని ఇద్దరు ఆడవాళ్ళు, ఒక అంకె పొసగనందుకు, నెలకోసారి ఒకరి గొంతు ఒకరు వెతుక్కునే రోజులు మళ్ళీ రావు. లెక్క కుదరని నెలలు ఇంకొన్ని మిగిలి ఉంటే బాగుండేదని, ఈ వయసులో, ఎవరికీ చెప్పకుండా అనుకుంటూ ఉంటాను.