మేడమ్ ముందు చదవని వాక్యం

మా మేడమ్ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక క్లయింటు ఆఫీసులో ఉన్నాను. ఆమె చెల్లెలు ఫోన్ చేసి, "అక్క పాయమ్మా, నిద్రలోనే పాయ" అని బావురుమంది. నాకు ఏడుపు రాకముందే బుర్రలోకి వార్త హెడ్డింగు వచ్చింది. ఏ ఫొటో పంపాలి, సాయంత్రంలోపు పంపితే ఏ పేపర్లు వేస్తాయి అని బుర్ర తన పని తాను చేసుకుపోయింది. కళ్లద్దాలు చేతిలో పట్టుకుని ఉన్న ఫొటో ఒకటి సహజంగా ఉందని ఎంచాను కూడా. కన్నీళ్లు ఆ తర్వాత వచ్చాయి. సిగ్గు వాటి వెనకే వచ్చింది, ఇంకా పోలేదు.

ఆమె నా మొదటి బాస్. నాకు పీఆర్ పని, అంటే కంపెనీల తరఫున పేపర్లకు నోట్లు రాసి పంపే పని నేర్పిన మనిషి. హిందూపురం వైపు నుంచి ఎప్పుడో బెంగళూరు వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్లది. ఆమె ఏం ఉద్యోగం చేస్తుందో వాళ్లింట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. "ఫోన్‌లో మాట్లాడే పని" అనేవాళ్లు. మొదట్లో అది నిజమే. పీణ్య పారిశ్రామికవాడలో ఒక మెషిన్ల ఫ్యాక్టరీలో టెలిఫోన్ బోర్డు దగ్గర కూర్చునేవారు. ఒకసారి సమ్మె జరిగి గేటు దగ్గర విలేకరులు మూగితే, పెద్దవాళ్లంతా వెనక గేటు నుంచి జారుకున్నారట. మిగిలింది ఈమె ఒక్కరే. "నాకు తెలీదప్పా, కూర్చోండి, కనుక్కోనొచ్చి చెప్తా" అని వాళ్లకు కాఫీ ఇప్పించి, లోపలికి వెళ్లి, నిజంగానే కనుక్కుని వచ్చి చెప్పారు. ఆ తర్వాత ఏ విలేకరి ఫోన్ చేసినా "ఆ మేడమ్‌నే పిలవండి" అనేవాడు. ఆమె పీఆర్‌లోకి వచ్చిన దారి అదే. డిగ్రీలూ డిప్లొమాలూ పట్టుకుని, తర్వాత ఆమె పనిచేసిన పీఆర్ ఏజెన్సీలో చేరిన మాకు ఈ కథ చెప్పి, "సుమ్నే, ఊరికే కాఫీతో వచ్చిన ఉద్యోగం మ్మా ఇది" అని నవ్వేవారు.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఏ ప్రెస్ నోట్ అయినా, అది ఎవరి గురించో వాళ్ల ఎదుట పైకి చదివాకే బయటికి పంపాలి. నేను చేరిన కొత్తలో ఒక ఫ్యాక్టరీలో ప్రెస్సు మెషిన్‌లో పడి ఒకతని చెయ్యి నలిగింది. "కార్మికునికి చిన్న గాయం" అని నోట్ రాసి గర్వంగా చూపించాను. ఆమె నన్ను ఆటోలో ఎక్కించుకుని అతను ఉంటున్న గదికి తీసుకెళ్లారు.

"చదువు" అన్నారు.

చదివాను. అతను కట్టు కట్టిన చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అతని భార్య స్టవ్ దగ్గర నుంచి మమ్మల్ని అలాగే చూస్తూ నిలబడింది. మేడమ్ నా కాగితం తీసుకుని "చిన్న గాయం" కొట్టేసి "రెండు వేళ్లు పోయాయి" అని రాశారు. తిరిగి వస్తూ ఆటోలో, "వాళ్ల ఎదురుగ్గా చదవలేనిది పేపర్లో ఎట్లేస్తావు మ్మా?" అన్నారు. కోప్పడలేదు. దారిలో నాకు ఇడ్లీ తినిపించారు.

వినేటప్పుడు కళ్లద్దాలు తీసేసేవారు. "ఇవుంటే అక్షరాలే చూస్తా. తీసేస్తేనే వినపడేది." తప్పుడు మాట దగ్గరికి రాగానే పెన్నుతో బల్ల మీద ఒక్కసారి కొట్టేవారు. ఆ చప్పుడంటే మాకు హడల్.

పోయినేడు ఒక క్లయింటు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో భోజనం చేసిన, అక్కడే పనిచేసే ఆడపిల్లలు వాంతులతో ఆసుపత్రిలో చేరారు. ఎండదెబ్బ అని నోట్ ఇవ్వమన్నారు క్లయింటు వాళ్లు. మేడమ్ ఇవ్వనన్నారు. "ఆ పిల్లోళ్ల ముందర చదివేదానికి నాకు నోరు రాదు" అన్నారు. మా ఏజెన్సీ యజమాని ఆమెను మర్నాటి నుంచి రావద్దన్నాడు. నేను అదే గదిలో ఉన్నాను. ల్యాప్‌టాప్ చూస్తూ కూర్చున్నాను. ఆ ఎండదెబ్బ నోట్ నేనే పంపాను. ఆమె కుర్చీ కూడా నాకే ఇచ్చారు.

ఆ తర్వాత కూడా ఆమె ఫోన్ చేసేవారు. తిన్నావా, నిద్ర పోతుండావా అని అడిగేవారు. ఆ నోట్ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది. నేనే ఊరి చివర చందాపురలోని వాళ్లింటికి వెళ్లడం మానేశాను.

ఆమె పోయినరోజు ఏజెన్సీ తరఫున నివాళి నేనే రాశాను. ఇంగ్లిష్‌లో, చక్కగా. అందులో "పోయినేడు తన ఇష్టప్రకారమే ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్నారు" అనే వాక్యం ఉండాలన్నాడు యజమాని. ఉంచాను. చందాపుర వెళ్లేసరికి ఆమెను హాల్లో పడుకోబెట్టి ఉన్నారు. చెల్లెలికి ఇంగ్లిష్ రాదు. నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"పేపర్‌కి ఏం రాసినావమ్మా? అక్క ముందర చదువు. ఆయమ్మ పద్ధతి అదే గదా."

మేడమ్ కాళ్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చాక నాలుక తిరగలేదు. ఆగిపోయాను.

"ఏం మ్మా?"

"ఏం లేదక్కా" అని ఆ వాక్యం దాటేసి కిందిది చదివాను.

"శానా బాగా రాసినావు" అని చెల్లెలు నా తల నిమిరింది. ఆ చెయ్యి తల మీద ఉన్నంతసేపూ నేను కుంచించుకుపోయాను. అప్పటికే నోట్ వెళ్లిపోయింది. కావాలంటే ఒక్క ఫోన్ చేసి ఆపించవచ్చు. చెయ్యలేదు.

పెద్దకర్మ నాడు వెళ్లినప్పుడు చూశాను. పేపర్లో వచ్చింది చెల్లెలు నీటుగా కత్తిరించి, మేడమ్ ఫొటో కింద గోడకు అతికించింది. ఆ వాక్యంతో సహా. వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, "ఈ పాపే రాసింది" అని చెబుతోంది.

అందుకే ఇది తెలుగులో రాశాను. ఆమె ఇష్టప్రకారం వెళ్లలేదు, వెళ్లగొట్టారు. నేను చూస్తూ ఊరుకున్నాను. అచ్చుకు పంపేముందు చందాపుర వెళ్లి చెల్లెలి ఎదుట, ఆ గోడ ముందు నిలబడి, ఒక్క మాట దాటకుండా దీన్ని చదవాలి. ఇప్పుడు ఆ ఇంటి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. లోపల దీపం వెలుగుతోంది. గోడ మీద, నేను ఎంచిన ఆ ఫొటోలో మేడమ్ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుని ఉన్నారు.