బ్రాకెట్టు జారి ఎనుమైన ఆవు

ముందే చెప్పేస్తున్నాను: నా మాటల్లో పాలెన్ని ఉంటాయో నీళ్లూ అన్నే ఉంటాయి. నాలుగు చినుకులు రాలితే మదనపల్లె మునిగిపోయిందని కుప్పం దాకా చాటినవాణ్ని. వడపోత గుడ్డ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా అక్క పుంగనూరు దగ్గర పాలకేంద్రం నడిపేది. పొద్దుటి పాలలో, సాయంత్రం పాలలో వెన్న ఎంత శాతముందో వేస్తే సగటు మొదలు నెల బిల్లుల దాకా కట్టే పెద్ద పైథాన్ ప్రోగ్రామును కుప్పంలోని నా స్నేహితుడు రాసిచ్చాడు. ఇంతలో కేంద్రానికి కొత్త కంప్యూటరు వచ్చింది. అక్క దగ్గరున్నదల్లా పాత పైథాన్ తనకే అర్థమయ్యేలా నమిలి అరిగించుకున్న, అంటే కంపైల్ చేసుకున్న, ఫైలే. దాన్ని ఈ కంప్యూటర్లోని కొత్త పైథాన్ ముట్టనంది. మావాడు తను రాసిన అసలు ప్రోగ్రామున్న ఫ్లాపీని తెస్తూ, దాన్ని బస్సు డ్రైవరు ముందు అద్దం దగ్గర ఎండలో పెట్టి నిద్రపోయాడు. పలమనేరు వచ్చేసరికి అది అప్పడంలా పొంగింది.

సోమవారం సూపర్‌వైజరు వస్తాడు. అప్పటికి లెక్క నడవకపోతే అక్క కేంద్రాన్ని పెద్దపంజాణి కేంద్రంలో కలిపేస్తాడు.

"మీ ఇద్దురూ సదివింది దేనికప్పా? అది నడవల్ల. లేకుంటే మీ నెత్తినే పాలక్యాన్లు పెట్టి పెద్దపంజాణికి మోయిస్తా, సూడండి" అంది అక్క.

మదనపల్లెలో నా గదిలో కూర్చున్నాం. అరిగిన ఫైలును మళ్లీ మనుషులు చదివే ప్రోగ్రాముగా తిప్పి రాసే డీకంపైలర్ ఒకటి దొరికింది. అది ప్రతి వాక్యాన్నీ ఒక అచ్చులో పోసి రాస్తుంది. అచ్చు నిండా శాతం గుర్తులు, గుర్తు పక్కన ఒక్కో అక్షరం. ఏ అక్షరం ఏం చేస్తుందో రాసిన కాగితం భూమండలంలో లేదు. అయినా ప్రోగ్రాము బయటికొచ్చింది, నడిచింది కూడా. కొత్త ఫ్లాపీలో ఎక్కించి, ఈసారి కండక్టరు సంచిలో పెట్టి అక్కకు పంపాం.

మధ్యాహ్నం ఫోను.

"ఏందప్పా ఇది! మన ఆవుకు పొద్దన నాలుగు, సాయంత్రం నాలుగు వేస్తే సగటు ఆరంటాది! ఆవు ఎనుమైపాయ! వీధంతా దండలు పట్టుకోని వస్తాండారు. నువ్వు యాల నవ్వుతాండావు?"

ఎనుమంటే గేదె; ఆరు శాతం వెన్న దాని పాలకే ఉంటుంది. నవ్వు మింగి పనిలో పడ్డాం. ఒక్కో గుర్తుకూ ఒక్క వరుస ప్రోగ్రాము రాయడం, అరిగించడం, తిప్పి రాయించి రెండింటి జవాబులూ పోల్చడం. చివరికి దొంగ దొరికాడు. ఒక అక్షరం లోపలి ముక్కను ఉన్నదున్నట్టు దించుతుంది. ఇంకొకటి అవసరమైతే బ్రాకెట్టు తొడిగి దించుతుంది. భాగహారం అచ్చులో మొదటిది కూర్చుంది. రెండు నాలుగులనూ కలిపి సగం చేయాల్సింది పోయి, సాయంత్రం నాలుగును మాత్రమే సగం చేసి పొద్దుటిదానికి కలిపింది.

"సొక్కా లేకుండా బిడ్డను బడికి పంపినట్టుండాది కదరా" అన్నాడు మావాడు.

"నువ్వు ఆ ఫ్లాపీకి గొడుగు పట్టింటే ఈ బిడ్డ మనకు పుట్టేదే కాదు" అన్నాను.

అక్షరం మార్చి, ప్రోగ్రామును మళ్లీ తిప్పి రాయించి అక్కకు పంపాం. ప్రతి గుర్తు పనినీ, దాని చిన్న ప్రోగ్రాముతో సహా ఇంగ్లీషులో రాసి ఆ డీకంపైలర్ చేసినాయనకు పంపాం. బ్రాకెట్టు ఎక్కువైతే నష్టం లేదు, తక్కువైతే ఆవు ఎనుమవుతుందని చివర నేను చేర్చాను. ఆవు సంగతి తప్ప అంతా అర్థమైందని ఆయన జవాబిచ్చాడు.

సోమవారం సూపర్‌వైజరు నాలుగు, నాలుగు వేశాడు. నాలుగు వచ్చింది. అనుమానంగా ఎనిమిది, నాలుగు వేశాడు. ఆరు వచ్చింది. "కేంద్రం ఈడే ఉండనీమ్మా" అని మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

ఫ్లాపీ అప్పడం కావడం నిజం. బ్రాకెట్టు నిజం. నేను కల్పించింది వీధంతా దండలతో రావడం ఒక్కటే. ఆవుకు దండ వేసింది అక్క ఒక్కతే. అదీ సోమవారం, నాలుగు వచ్చాక.