మా అన్నయ్య ఒంట్లో నీళ్ల డ్యూటీ

మా అన్నయ్య నీళ్లు తాగడం గురించి నేను ఆడినన్ని అబద్ధాలు ఇంకెవరూ ఆడి ఉండరు. మే నెలలో ఆయన భిలాయి ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేసు డ్యూటీ దిగి ఇంటికొస్తుంటే మేముండే సెక్టారులో కుళాయిలన్నీ భయంతో వాటంతటవే కట్టేసుకునేవని, ఆయన చెంబెత్తితే ఎక్కడో ఉన్న ఉతై ఊళ్లో బావులు అడుగంటేవని ఊరంతా చెప్పుకు తిరిగాను. ఆయన మీసాల్లో నవ్వుకునేవాడు.

"ఉతై బావులొద్దురా, మరీ దూరం. ఎవుడూ నమ్మడు" అని దిద్దేవాడు కూడా.

అందులో నిజం బొత్తిగా లేకపోలేదు. ఉద్యోగమంతా కరిగిన ఇనుము ముందు చేసిన మనిషి. చెమటతో పాటు ఒంట్లో ఉప్పూ పోతుంది. ఉప్పు పోతే పిక్కలు పట్టేస్తాయి. అప్పుడు గ్లాసు నీళ్లలో ఉప్పు కలిపి గటగటా తాగితే పిక్క వదిలేస్తుంది. ఫర్నేసు మీద పనిచేసిన వాళ్లకి ఇది ఎవరూ నేర్పక్కర్లేని వైద్యం. రిటైరయ్యాక కూడా ఆయన మజ్జిగలో, నిమ్మరసంలో, ఆఖరికి పుచ్చకాయ ముక్క మీద కూడా ఉప్పు జల్లుకునేవాడు.

కిందటి వేసవిలో ఆయన చెప్పులు బిగుతయ్యాయి. తర్వాత పొట్ట పెరిగి లుంగీ ముడి నిలవడం మానేసింది. లివరు పాడైందన్నాడు డాక్టరు. మందు వాసనే గిట్టని మనిషికి లివరు పాడవడమేమిటని వదిన ఏడ్చింది. అన్నీ మందువల్లే పాడవవమ్మా అని డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. వేరే లివరు పెట్టాలంటే అన్నయ్య గుండె తట్టుకోదట. ఉప్పు పూర్తిగా మానాలి, నీళ్లు కూడా చూసి తాగాలి. అలా ఉంటే కొన్నాళ్లు నెట్టుకు రావచ్చు.

ఆ రోజే వదిన ఉప్పు డబ్బా ఎక్కడో దాచేసింది. ఆయనొక్కడికీ వేరుగా వండితే మనసు కష్టపెట్టుకుంటాడని ఇంటిల్లిపాదికీ చప్పిడి కూడే. మాటల్లో కారం మాత్రం తగ్గించలేదు.

అన్నయ్యకి ఇదంతా తలకెక్కలేదు. ఈ జబ్బులోనూ పిక్కలు పట్టేస్తాయని డాక్టరు ముందే చెప్పాడు. కానీ అన్నయ్య నమ్మేది తన పిక్కల్ని.

"ఉప్పు తగ్గిపోనాదిరా ఒంట్లో. నాకు తెలీదేటి? ఆ డాక్టరుబాబు ఎప్పుడైనా ఫర్నేసు మొకం సూసేడా?"

ఆయన కూతురు రాయపూర్‌లో ఒక ల్యాబులో పనిచేస్తుంది. భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల, మామూలప్పుడే నీళ్లని పానీ అంటుంది, కోపమొస్తే తెలుగు పూర్తిగా మరిచిపోతుంది. ఆదివారం వచ్చినప్పుడు గేటు దగ్గర నిలబెట్టి అడిగాను, అసలు ఈ నీళ్ల గొడవేమిటని.

"చిన్నాన్నా, రక్తంలో ఆల్బుమిన్ అని ప్రోటీన్ ఉంటాది. పానీ దాని చుట్టూ లైన్ కడతాది. దగ్గరున్న పానీ బయట పానీలాగ గిరగిరా తిరగదు. థోడా స్లో అయిపోతాది, దాని వైపు తిరిగి నిలబడతాది."

"అతుక్కుపోతాదేటి?"

"నహీ నా! ఒక్క అణువు కూడా అక్కడ ఉండిపోదు. కన్ను మూసి తెరిసేలోగా ఎన్నిసార్లు మారిపోతాయో లెక్కే లేదు. ఒకటి ఎల్తే ఇంకోటి. లైన్ మాత్రం అలగే ఉంటాది. ప్రోటీన్ మీద పానీకి పడని చోట్లు కూడా ఉంటాయి. అక్కడ దాన్ని పట్టుకోవు, ఒకదాన్నొకటి పట్టుకుని చుట్టూ నిలబడతాయి."

"అయితే మన చుట్టాలే" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు.

"ఆల్బుమిన్ పెద్దది, రక్తం పారే నరం గోడ దాటలేదు. అది లోపలుంటే పానీ దానికోసం లోపలికొస్తాది. నాన్న లివర్ దాన్ని చెయ్యట్లేదు. పానీ బయటికెళ్లి కాళ్లలోకి, పొట్టలోకి దిగిపోతోంది, బస్, అంతే. ఉప్పు తింటే ఆ పానీని ఒళ్లు అసలు వదలదు." గేటు గొళ్లాన్ని వేస్తూ తీస్తూ అంది, "నువ్వే చెప్పు నాన్నకి. నా తెలుగు వింటే నవ్వుతాడు."

మధ్యాహ్నం కూలర్ ముందు కాళ్లు చాపుకుని ఉన్నాడు అన్నయ్య. మంచం మీద ఆయన పక్కనే చేరాను.

"అన్నయ్యా, నీళ్లకి కూడా షిఫ్టులుంటాయంట."

"మొదలెట్టేరు మరిదిగారు" అంది వదిన వంటింట్లోంచి.

రక్తంలో ఆల్బుమిన్ అనే పోస్టు ఉందనీ, నీళ్లు దాని చుట్టూ డ్యూటీ చేస్తాయనీ, ఒకటి దిగగానే ఇంకొకటి ఎక్కుతుందనీ చెప్పాను. చెవి ఒగ్గి విన్నాడు.

"రిలీవరు రాకుండా పోస్టు ఒదలవేటి?"

"ఒదలవు."

"మంచి నీళ్లేరా. మరి నా కాళ్లలోకి దిగిపోనాయేటి? నీలాగ కాంట్రాక్టోళ్లా?"

జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో నాది కాంట్రాక్టు పని. ఆ దెబ్బ ఎప్పుడూ తగిలేదే, నవ్వేశాను.

"పోస్టే తీసీసేరన్నయ్యా. ఆ సరుకు తయారుసేసే మిల్లు ఆగిపోతంది నీ ఒంట్లో."

"మిల్లు ఆగితే రిపేరు సేత్తారు కదేటి?"

చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. జర్మనీ నుంచి సామాను వస్తోందని అనగలను. ముంబైలో ఇంజనీర్లు రైలెక్కారని, తెల్లారేసరికి దిగుతారని కూడా అనగలను. నోరు తెరిచాను.

"ఒక్కసారి నిజం సెప్పరా" అన్నాడు.

"సెయ్యలేరంట అన్నయ్యా. ఉప్పు మానేస్తే కొన్నాళ్లు నడుస్తాదంట. అంతే."

నా మొహంలోకి చూశాడు. తర్వాత పొట్ట అంతా ఊగేలా నవ్వాడు. "ఒరే, ఉతై బావులే నయంరా. దీన్నెవుడు నమ్ముతాడు?"

నిజంగా నమ్మలేదో, నమ్మనట్టు ఉండాలనుకున్నాడో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ నవ్వులోనే పిక్క పట్టేసింది. మంచం కోడు పట్టుకుని పళ్లు బిగించాడు. "ఉప్పు! కాసింత ఉప్పు తెండే!" ఇనుము పొంగి మీదికొచ్చినప్పుడు కూడా అరవని మనిషి.

రెండు చేతులతో పిక్క పట్టుకుని నలిపాను. లోపల కండ తాడులా మెలిపడి ఉంది, దాని మీద నీరు. వేళ్లు తీస్తే నొక్కిన చోటల్లా గుంటలు, తడిపిన పిండిలో పడ్డట్టు.

"ఏదో ఒకటి సెప్పరా" అన్నాడు కళ్లు మూసుకుని.

మా కూలర్ గాలికి పిల్లి ఎగిరిపోయి రాయపూర్ దారిలో ఉన్న కుమ్హారి ఊళ్లో పడిన సంగతి ఎత్తుకున్నాను. పిల్లి ఇంకా గోడ దాటక ముందే వంటింట్లో పై అర మీద డబ్బా కదిలింది. గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు. అదేమిటో నాకు తెలుసు. గుమ్మంలో నిలబడ్డ ఆయన కూతురికీ తెలుసు. వదిన కళ్లు తుడుచుకుంటూ గ్లాసు పట్టుకొచ్చింది. ఎవరం అడ్డం వెళ్లలేదు.

ఆయన ఆవురావురుమని తాగాడు. నేను కథ ఆపకుండా, ఆ గుంటలు మెల్లగా నిండడం చూస్తూ కూర్చున్నాను.