పాంచాలి పెరట్లోకి నడిచొచ్చిన ఇల్లు

కుంపిణీ దొరలకు ఓడలున్నాయి, ఫిరంగులున్నాయి. అయినా మా అవ్వ వెంకటమ్మాళ్ చేసిన పని వాళ్ళలో ఒక్కరూ చేయలేదు. ఆమె తన ఇంట్లో పడుకునే, ఇంటితో సహా పక్క ఊరికి పోయింది. పైగా బుద్ధెరిగాక ఒకరి సొత్తు ముట్టని మనిషి. కావాలంటే వాడిపట్టి చుట్టుపక్కల ఎవరినైనా అడగండి, పాంచాలిని తప్ప.

పాంచాలి మా తాతకు అక్క. ఒకనాడు ఆమె పుంజు మాయమైంది. మా అవ్వే కూర వండిందని పాంచాలి, కాదని అవ్వ. తాత పోయిననాడు కూడా ఇద్దరూ చెరో మూల కూర్చుని ఏడ్చారట.

అవ్వ పట్టాదారు చేలో పత్తి తీసేది. ఆ పని చేసినన్నాళ్ళే ఆయన స్థలంలో మా గుడిసె. ఒక పొద్దున ఒడిలో పత్తి నింపుకుంటూ నింపుకుంటూ మెల్లగా మొక్కల మధ్య ఒరిగిపోయింది. నొప్పి లేదట. ఒడిలో పత్తి మబ్బులా పైకి లేచినట్టు, తాను దాని కింద తేలుతున్నట్టు అనిపించిందట. కళ్ళు తెరిచేసరికి కుడిచేయి, కుడికాలు ఆమె మాట వినలేదు. మాట కూడా నోట్లోనే నానిపోయేది. పక్షవాతం.

ఉన్న ఒక్క ఆవూ వైద్యుడి తైలాలకు పోయింది. కాస్త మెట్టచేనూ కిస్తు కట్టలేక చేజారింది. చివరికి పట్టాదారు మనిషి వచ్చి, ఐప్పసి నెల వానలు పడేలోగా స్థలం ఖాళీ చేయమన్నాడు. ఆ పనికి వేరే కుటుంబం వస్తోందట.

"గోడలు మీ మన్నే, ఉంచుకోండి సామి," అన్నాడు మా నాయన అయ్యసామి. "కప్పు మాత్రం మా నాయన కట్టింది. ఎత్తుకొని పోతాము."

ఎత్తి ఎక్కడ దించాలి? ఖాళీ పెరడు ఉన్న చుట్టం పక్క ఊళ్ళో పాంచాలి ఒక్కతే. అవ్వ ఎడమచేత్తో మంచం పట్టె మీద కొట్టి వద్దంది. నాయన చూడనట్టు వెదుళ్ళు కొట్టుకు రావడానికి పోయాడు.

తెలతెలవారుతుండగా చుట్టాలంతా వాసాలకు వెదుళ్ళు కట్టి కప్పును భుజాలకెత్తారు. దాని కిందే అవ్వ మంచాన్నీ మోశారు. దున్నిన నల్లరేగడి మీదుగా, ఆ మసక వెలుతురులో ఇల్లు కదిలింది. అవ్వకు పైన ఎప్పటి పొగచూరిన వాసాలే, ఎప్పటి పిచ్చుకగూడే. గోడలుండాల్సిన చోట మాత్రం చేలు, తుమ్మచెట్లు, నెమరేసే ఎద్దులు ఒక్కొక్కటే వచ్చి లోపలికి తొంగిచూసి పోతున్నాయి. పిచ్చుకలు గూడు వదలక వెంటే ఎగిరాయి. తాను చచ్చిపోయాననీ, పైలోకానికి ఇంటితో సహా రానిస్తున్నారనీ అవ్వ సంతోషపడిందట.

పైలోకం వాకిట్లో పాంచాలి నిలబడి ఉంది.

"ఆడనే నిలవండ్రా! ఏమే వెంకటమ్మా, ఇప్పుడన్నా చెప్పు. నా పుంజును తింటివా, లేదా?"

"అత్తో, ముందు దించనీ! భుజాలు పోతుండాయి," అన్నాడు నాయన.

"మోసేది నువ్వు, చెప్పాల్సింది మీ అమ్మ. నోరు మూసుకో."

కప్పులోంచి తాటాకు పొడి రాలుతోంది. అవ్వ తల తిప్పి మోసేవాళ్ళ కాళ్ళు చూసింది. అన్నీ వణుకుతున్నాయి. పడిపోయిన నాటి నుంచి ఒక్క మాటా తిన్నగా పలకని నోరు తెరిచింది.

"తిన్నా."

పాంచాలి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"దించండి. ఈ పక్క కాదు రా, గాలి తగలని పక్క. దానికి చలిగాలి పడదు."

ఆనాటి నుంచి అవ్వకు గంజి పోసింది పాంచాలే. ఇద్దరూ పోట్లాడుకుంటూనే అవ్వకు మళ్ళీ మాట వచ్చింది. ఇప్పటికీ మేము ఆ కప్పు కిందే ఉన్నాం.

ఇదంతా రాసి అవ్వకు చదివి వినిపించాను. చివర నా సొంత మాట ఒకటి చేర్చాను: తలదాచుకునే నీడ కోసం, మోసేవాళ్ళ కాళ్ళ కోసం మా అవ్వ చేయని దొంగతనాన్ని నెత్తినేసుకుంది, అంతటి త్యాగి.

"ఎవురు రా నీకు చెప్పింది?" అంది అవ్వ. "నిజంగానే తింటిని. రెండు కాళ్ళూ మీ నాయనకే పెడితిని. ఉప్పు చాల్లేదు."