కోరుకొండ మెట్ల మీద నీళ్ళు

మే నెల మిట్టమధ్యాహ్నం కోరుకొండ గుడి మెట్లు ఒంటరిగా ఎక్కుతున్నాను. నిట్టనిలువు మెట్లు. సగం దూరంలోనే నా సీసా ఖాళీ అయింది. కళ్ళు తిరిగి కూలబడ్డాను. పైనుంచి ఒక పెద్దాయన చెప్పుల్లేకుండా దిగి వస్తున్నాడు. చేతిలో ఇంకా సగానికి పైగా నీళ్ళున్న పెద్ద సీసా ఉంది.

"ఒక్క గుక్క నీళ్ళు ఇప్పించండి," అన్నాను.

ఆయన నా పక్కనే ఆగి, మూత తీసి, కింది మెట్టు మీద నీళ్ళు పోసి, ఆ తడిలో పాదం పెట్టాడు.

"అయ్యో, మీకిచ్చేస్తే మరి నా కాళ్ళు కాలిపోతాయి కదండీ!" అన్నాడు ఎంతో మర్యాదగా.

అలా మెట్టు మెట్టుకీ పోసుకుంటూ దిగిపోయాడు. ఆ తడి ఆరిపోకముందే చేతిరుమాలు అద్ది పెదాలకు పెట్టుకున్నాను. అదీ వేడిగానే తగిలింది. పొద్దు వాలాక ఎలాగో కిందికి దిగాను.

ఇప్పటికీ ఎవరైనా మరీ మర్యాదగా మాట్లాడితే, నా చూపు వాళ్ళ చేతుల మీదికే పోతుంది.